శుక్రవారం కోసం ఇస్త్రీ చేసిన చొక్కా

మా పెదనాన్న కేనియస్ పోయింది గురువారం పొద్దున, పశువుల డిప్పు దగ్గర. ఇంకెక్కడో పోయాడని చెప్తే మా వాళ్ళెవరూ నమ్మేవాళ్ళు కాదేమో. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి గురువారం ఆయన అక్కడే. వాన పడ్డా, జ్వరమొచ్చినా, ఎలక్షన్లొచ్చినా అక్కడే. మా తాతయ్య బుధవారం చచ్చిపోయాడు, కొడుకు పని చెడగొట్టడం ఇష్టం లేక ఒకరోజు ముందే పోయాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేనప్పుడు హరారేలో ఉన్నాను, కాలేజీలో. అమ్మ ఫోన్ చేసి, "యెమురాయీ, ముందు కూర్చో" అంది. నేను కూర్చోకముందే చెప్పేసింది. అమ్మ ఎప్పుడూ అంతే, ఏదీ దాచుకోలేదు. మధ్యాహ్నం బస్సెక్కి మా గుటులో దిగేసరికి పొద్దు వాలిపోయింది. బస్సంతా కోళ్ళు, పిండి బస్తాలు. నా పక్కన కూర్చున్నాయన ఎక్కడికమ్మా అన్నాడు. డిప్పు కేనియస్ ఇంటికి అన్నాను. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న పోయాడు. మాలో పెదనాన్న అంటే ఎలాగూ నాన్నే, ఈయన మాత్రం దాన్ని మరీ సీరియస్‌గా తీసుకున్నాడు. నన్ను హాస్టల్ బడిలో వేసినప్పుడు రేకు పెట్టె సైకిలు వెనక కట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని ఇరవై రెండు కిలోమీటర్లు తొక్కాడు. దారంతా నాతో ఎక్కాలు చెప్పించాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం, "పదమూడో ఎక్కం నువ్వొక్కదానివే చెప్పు, నాకు ఊపిరి చాలట్లేదు" అన్నాడు. ఆయనకి పదమూడో ఎక్కం రాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇక డిప్పు సంగతి. సిమెంటు కాలవ, మనిషి మునిగే లోతు, నిండా మందునీళ్ళు. పశువు ఈ వైపు దూకుతుంది, మునిగి లేచి ఈదుకుంటూ ఆ వైపు మెట్లెక్కి ఒళ్ళు దులుపుకుంటుంది. పిడుదులన్నీ చచ్చిపోతాయి. ఐదూళ్ళ పశువులు అక్కడికే రావాలి. పెదనాన్న ఖాకీ కోటు, రబ్బరు బూట్లు, మెళ్ళో విజిలు వేసుకుని కాలవ మొదట్లో నిలబడి ఒక్కో పశువునీ పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పేర్ల దగ్గరే మజా అంతా. మా వైపు ఎద్దుకి పేరు పెట్టడమంటే పక్కింటివాడికి ఉత్తరం రాసినట్టే. మొహమ్మీద అనలేనిది ఎద్దుకి పెడతాం, రోజూ పొద్దునా సాయంత్రం గట్టిగా పిలుస్తాం. ముచబైవా ముసలాయనకి పక్క పొలంవాళ్ళతో గొడవ. ఆయన ఎద్దు పేరు "కంచె జరిపిందెవరు". పక్క పొలం ఆవిడ తన ఎద్దుకి "నాకు వినపడింది" అని పెట్టింది. గురువారం పొద్దున రెండూ డిప్పు దగ్గర వరసలో నిలబడేవి. పెదనాన్న విజిలు ఊది అందరికీ వినపడేలా, "కంచె జరిపిందెవరూ, దూకు! ఆ ప్రశ్న నన్నడిగితే ఏం లాభం, నీ వెనకాలే ఉందిగా, దాన్నడుగు" అనేవాడు. జనం నవ్వి నవ్వి కంచె పట్టుకునేవాళ్ళు. రెండేళ్ళు అలా నవ్వేసరికి ఆ ఇద్దరికీ సిగ్గేసి, ఒకరోజు కలిసి హద్దు రాళ్ళు పాతుకున్నారు. ఎద్దుల పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

మా ఇంట్లో కూడా ఒక పెయ్య ఉంది. దాని పేరు "నే చెప్పాగా". అది పెదనాన్న పక్కింటివాడికి రాసిన ఉత్తరం కాదు. పెద్దమ్మకి.

మా పెద్దమ్మ ఎసినాత్‌కి ఆ మాట ఊతపదం. వాన పడుతుందని చెప్పానా లేదా, ఆ మేకని కొనొద్దని చెప్పానా లేదా. పెదనాన్న ఎప్పుడూ ఒకటే జవాబు: "చెప్పావు." అంతే. ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. ఆ "చెప్పావు" వినగానే పెద్దమ్మకి ఒళ్ళు మండేది. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసి ఆయన నోట్లోంచి ఇంకో ముక్క రాబట్టలేకపోయానని చర్చిలో ఆడవాళ్ళకి కూడా చెప్పుకునేది.

ఇల్లు చేరేసరికి వాకిలంతా జనం. మగవాళ్ళు మంట చుట్టూ, ఆడవాళ్ళు గుండ్రటి వంటింట్లో. లోపలికి వెళ్ళి మా పద్ధతిలో అందరికీ మెల్లగా చప్పట్లు కొట్టి దండం పెట్టి పెద్దమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ చాప మీద గోడవైపు తిరిగి కూర్చునుంది. చర్చి ఎర్ర జాకెట్టు ఇంకా మార్చుకోలేదు. భుజం మీద చెయ్యేశాను. కదల్లేదు.

ఏం జరిగిందో బయట కట్టెల దగ్గర అమ్మ చెప్పింది. రెండు నెలల నుంచి పెదనాన్నకి రక్తపోటు. క్లినిక్‌లో కార్డు రాసిచ్చి, మళ్ళీ రమ్మన్నారు. ఆయన వెళ్ళడు. మంగళవారం పెద్దమ్మ మాస్వింగో దగ్గర చర్చి ఆడవాళ్ళ కూటానికి బయల్దేరింది, నాలుగు రోజులు. వెళ్తూ వెళ్తూ, ఇవాళే నాతో బస్సెక్కు, నిన్ను క్లినిక్ దగ్గర దింపి నేను పోతాను అంది. గురువారం డిప్పు అయ్యాక చూద్దాం అన్నాడు. అయితే నీ పశువులతోనే కాపురం చేసుకో అని మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. అంతే. వెనక్కి తిరిగి చూళ్ళేదు.

అంతే అంటే మాకది చిన్న విషయం కాదు. మా దగ్గర వెళ్ళేవాళ్ళు "మంచిగా ఉండు" అనాలి, ఉండేవాళ్ళు "మంచిగా వెళ్ళు" అనాలి. సంతకి వెళ్ళినా అనాలి, కొట్టుకుని పుట్టింటికి పోతున్నా అనాలి. పెద్దమ్మ అనలేదు. గురువారం పొద్దున ఏడింటికి పెదనాన్న వరసలో మొదటి ఎద్దు పేరు పిలిచి, విజిలు నోట్లో పెట్టుకుని, కంచె పట్టుకుని మెల్లగా కూర్చున్నాడట. అలసిపోయాడనుకున్నారు.

"ఆవిడ శవాన్ని చూడనంటోంది" అంది అమ్మ. "కబురంది కూటం నుంచి వచ్చాక మాట్లాడింది ఆ ఒక్క మాటే. ఏ మొహం పెట్టుకుని చూడను అంది. తర్వాత నోరు విప్పలేదు, నీళ్ళు కూడా ముట్టలేదు."

మాలో భార్య చూడకుండా భర్తని పూడ్చడం జరగదు. చూసి, చివరి మాట చెప్పి, అప్పుడు పంపాలి. శనివారం పదకొండింటికి అని పెద్దవాళ్ళు అప్పటికే నిర్ణయించేశారు. మా చిన్నతాత రెండుసార్లు లోపలికి వచ్చి బతిమాలి, ఊరికే గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం కెరెసియా వదిన దిగింది. పెదనాన్నకి వరసకి కొడుకయ్యేవాడి భార్య, యాభై దాటిన మనిషి, తలుపులో పట్టనంత ఉంటుంది. మా జిల్లాలో ఆవిడంత బాగా వేషం కట్టే కోడలు లేదు. మా చావింట్లో కోడళ్ళకి వంటతో పాటు ఇంకో పని ఉంటుంది. పోయినాయన బట్టలు వేసుకుని ఆయనలా నడవాలి, ఆయనలా తిట్టాలి, ఆయన పిసినారితనమూ గురకా అన్నీ చూపించాలి. ఆ బట్టలు ఒంటి మీద ఉన్నంతసేపు కోడలు ఏమన్నా తప్పు లేదు. మామగారిని అన్నా, పాస్టరుగారిని అన్నా సరే. విప్పేశాక అందులో ఏది నిజం, ఎందుకన్నావు అని ఎవరూ అడగకూడదు. అది మా పద్ధతి. అందుకే కొంతమంది బతికున్నప్పుడు కోడళ్ళతో జాగ్రత్తగా ఉంటారు.

కెరెసియా వదిన ఖాకీ కోటు వేసుకుంది, బొత్తాలు పట్టలేదు. విజిలు ఊదింది. ఏడవడానికి వచ్చిన జనాన్నందరినీ పశువుల్లా వరసలో నిలబెట్టింది. ఒక్కొక్కళ్ళే, తోసుకోవద్దు, దూడలు వెనక్కి అంటూ ఒక్కొక్కరి చెవి ఎత్తి పిడుదులు వెతికింది. బడి హెడ్‌మాస్టరు చెవి చూసి, ఇక్కడ చాలా ఏళ్ళుగా ఏమీ దూరలేదు అంది. పాస్టరుగారి పొట్ట మీద చరిచి, "ఈ ఎద్దు బాగానే మేసింది. ఎవరి పొలంలో మేసిందో కనుక్కోండి" అంది. పాస్టరుగారు ముందు నవ్వాపుకోవాలని చూశాడు, తర్వాత ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు. పెదనాన్న కొడుకు, మా ఎడ్మోర్ అన్నయ్య, గని నుంచి అప్పుడే వచ్చాడు. నవ్వుతూ నవ్వుతూ మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చేశాడు. మంచిదే, అందుకేగా ఆ వేషం.

పెద్దమ్మ మాత్రం గోడవైపే.

కెరెసియా వదిన చెమట తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది. "నా వల్ల కాదే పిల్లా. నేను చేసింది డిప్పు కేనియస్‌ని. ఆయన్ని ఊరంతా చూసింది. ఆవిడకి కావలసింది ఇంట్లో కేనియస్. ఆయన నాకు తెలీదు."

ఆ మాట నాలో అలా ఉండిపోయింది.

మధ్యాహ్నం వంటకి ఆకుకూర కోయడానికి చెనాయి దగ్గర కూర్చున్నాను. చెనాయి ఎడ్మోర్ అన్నయ్య భార్య, కొత్త కోడలు, వచ్చి మూడు నెలలు. అన్నయ్య గనిలో ఉంటాడు కాబట్టి అత్తామామలతోనే ఉంటోంది. నాకంటే ఏడాది చిన్నది, వరసకి వదిన. ఎప్పుడు మాట్లాడినా నన్ను "ఆడపడుచుగారూ" అని సాగదీసి ఏడిపిస్తుంది. ఆరోజు మాత్రం ఊరికే కూర కోస్తోంది. కోసిందే మళ్ళీ కోస్తోంది.

"చెనాయీ, అది ఇంక పచ్చడైపోతుంది" అన్నాను.

కత్తి కింద పెట్టింది. "వదినా, నేను అబద్ధం చెప్పాను" అంది.

అప్పుడు తట్టింది నాకు. గురువారం పొద్దున ఇంట్లో ఉన్నది తనొక్కతే. ఇంట్లో పెదనాన్న ఆఖరి పొద్దు చూసిన మనిషి ఈ ప్రపంచంలో తనొక్కతే. అందరం కెరెసియా వదిన వెనకాల పడ్డాం గానీ, ఈ పిల్లని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

నెమ్మదిగా చెప్పింది. తెల్లారగట్ల పెదనాన్న ఎడమ చెయ్యి లాగుతోందన్నాడట. నొప్పుల మందు రాసింది. అంతలో పెద్దమ్మ ఫోన్ చేసింది, చెనాయి ఫోన్‌కే, ఆయన ఎలా ఉన్నాడని. పెదనాన్న చెయ్యి అడ్డంగా ఊపుతూ, బాగున్నానని చెప్పు, బాగున్నానని చెప్పు అని సైగ చేశాడు. చెనాయి బాగున్నారత్తయ్యా అంది. తర్వాత ఆయన బూట్లేసుకుని వెళ్ళిపోయాడు.

"మామయ్య చెప్పమన్నదే చెప్పాను. కానీ నేను నిజం చెప్పుంటే ఆవిడ మొదటి బస్సుకి వచ్చేది కదా."

మొదటి బస్సు వచ్చేది పదింటికి. పెదనాన్న పోయింది ఏడింటికి. అదే చెప్పాను. వింది గానీ ఎక్కలేదు. ఇంకా ఏదో ఉంది. లోపలి గది తలుపు వెనక మేకుకి ఒక తెల్ల చొక్కా వేలాడుతోందని, దాని గురించి కూడా ఎవరికీ తెలీదని చెప్పింది. ఆ సంగతంతా విని తన చెయ్యి పట్టుకుని లేపబోయాను. లే, ఇప్పుడే వెళ్ళి పెద్దమ్మకి చెబుదాం అన్నాను.

"నువ్వు చెప్తే నువ్వు కూతురివి. నేను చెప్తే ఏమవుతుంది? మూడు నెలల కోడలు, అడుగు పెట్టింది, మామగారు పోయాడు, పైగా అబద్ధమాడింది. ఇప్పటికే బయట ఆ ముసలమ్మలు నన్ను ఎలా చూస్తున్నారో చూళ్ళేదా?"

చూశాను. కాదనలేను.

"అయితే బట్టలేసుకుని చెప్పు" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "అది కెరెసియా అక్కలాంటి వాళ్ళకి. నాకు ఆయన నడక కూడా రాదు."

ఇంక బలవంతం చెయ్యలేదు. చేసుంటే బాగుండేదని ఆ సాయంత్రమంతా అనుకున్నాను. పొద్దు వాలే వేళకి శవపెట్టె తెచ్చి పెద్దింట్లో పెట్టారు. అందరూ పాటలు మొదలెట్టారు. పెద్దమ్మ లేవలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి చిన్నతాత వంటింటి గుమ్మంలో నిలబడి, మేం వేరే దారి చూసుకోవాలా ఎసినాత్ అన్నాడు. మెత్తగానే అన్నాడు. కెరెసియా వదిన మళ్ళీ కోటు తీసుకుంది, ఏదో ఒకటి చెయ్యాలి కదా అన్నట్టు. ఒక చెయ్యి తొడిగింది కూడా.

అప్పుడు చెనాయి వచ్చింది. తెల్ల చొక్కా వేసుకుంది, మోకాళ్ళదాకా వేలాడుతోంది. ఒక కాలికి రబ్బరు బూటు. ఇంకో కాలు ఉత్తిది.

ఎవరూ నవ్వలేదు. ముసలమ్మల్లో ఒకావిడ ఈ పిల్లకేం తెలుసు అని గొణిగింది. చెనాయికి నిజంగానే నడక రాలేదు. పెదనాన్న కాస్త కుడివైపు ఒరిగి నడిచేవాడు, ఈ పిల్ల మామూలుగా నడిచి వచ్చి పొయ్యి పక్కన పొట్టి పీట మీద కూర్చుంది. మహేవు కప్పు తీసుకుంది. పులిసిన అంబలి, పెదనాన్న పొద్దున్నే తాగేది అదే. ఉత్త కప్పే, తాగినట్టు చేసింది. తర్వాత చెంచాతో కప్పు అడుగు మూడుసార్లు గీకింది. గర్ర్, గర్ర్, ఆగి, గర్ర్.

పెద్దమ్మ వీపు కదిలింది.

ఆ చప్పుడు నాకు కూడా తెలుసని అప్పుడే గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవులకి ఇక్కడికి వస్తే రోజూ దాంతోనే మెలకువ వచ్చేది. కానీ అడిగితే నేను చెప్పగలిగేదాన్ని కాదు.

చెనాయి గొంతు లావు చేసి, "కోడలా, రెండో బూటు ఏది? నిన్న రెండూ కలిపే విప్పాను. ఇంట్లో బూటుకి కాళ్ళొచ్చాయా?" అంది.

వెనకనించి ఎవరో నవ్వారు. ఆయన రెండో బూటు వెతుక్కోవడం ఇంట్లోవాళ్ళందరికీ తెలుసు. చెనాయి ఎడమ చెయ్యి పట్టుకుని నొక్కుకుంది. నవ్వు ఆగిపోయింది. తర్వాత ఫోన్ మోగినట్టు జేబు తడుముకుని, తన గొంతుతోనే, "మామయ్యా, అత్తయ్య" అంది. మళ్ళీ ఆయన గొంతు. "బాగున్నానని చెప్పు. చెయ్యి లాగుతోందని మాత్రం అనకు. అన్నావంటే కూటం వదిలేసి పరుగెత్తుకొస్తుంది, నా చెవి పట్టుకుని క్లినిక్‌లో పడేస్తుంది. ఇవాళ డిప్పు." మళ్ళీ తన గొంతు. "సరేనన్నానత్తయ్యా. బాగున్నారన్నాను."

ముసలమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. నేను పెద్దమ్మ వీపునే చూస్తున్నాను.

ఆవిడ తిరిగింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి. చెనాయిని చూసింది, చొక్కాని చూసింది, ఆ ఒంటి బూటుని చూసింది. ఆవిడ గొంతు ఎండిపోయి ఉంది, మాట గీసుకుంటూ వచ్చింది.

"నేను చెప్పానా లేదా."

చెనాయికి భయం మొహమంతా కనపడుతోంది. ఆ మాట ఎవరికి వచ్చిందో తెలీదు కదా, తనకా, ఆయనకా. లేచి పారిపోతుందేమో అనుకున్నాను. పారిపోలేదు. కప్పు కింద పెట్టింది.

"చెప్పావు."

అది పూర్తిగా పెదనాన్నే. కాస్త సాగదీసి, చివర కిందికి దించి. చిన్నతాత గుమ్మంలో ఉలిక్కిపడ్డాడు.

పెద్దమ్మ మోకాళ్ళ మీద లేచింది. "చెప్పావు, చెప్పావు. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే మాట షుంబా! ఇంకో మాట లేదా నీ దగ్గర? నా మాట ఒక్కటన్నా చెవిలో వేసుకున్నావా?" మా వంశం పేరు షుంబా, పెదనాన్నని ఆవిడ ఎప్పుడూ అలాగే పిలిచేది, తిట్టేటప్పుడు కూడా.

"విన్నాను కూడా" అంది చెనాయి.

జేబులో చెయ్యి పెట్టి క్లినిక్ కార్డు తీసింది. పెద్దమ్మ ముందు చాప మీద పెట్టింది.

"రేపు శుక్రవారం. రేపు నేనే వెళ్తా. ఈసారి నువ్వొచ్చేలోపే వెళ్ళొస్తా, చూసి ఏం తిట్టాలో తెలీక తెల్లమొహం వేస్తావు. బుధవారం రాత్రే కార్డు జేబులో పెట్టుకున్నా. చొక్కా కూడా నేనే ఇస్త్రీ చేసుకున్నా. కోడలు చేస్తానంది, వద్దన్నా." కాలరు తడుముకుంది. "కాలరు కాలింది. ఆ సంగతి కోడలికి చెప్పకు."

పెద్దమ్మ పాకుతూ వచ్చింది. చెనాయి మెడ దగ్గర కాలరు పట్టుకుని తిప్పి చూసింది. వెనకవైపు బొటనవేలంత గోధుమరంగు మచ్చ. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు.

"కాల్చాడు" అంది మాతో, అందరితో. "చూడండి. కొత్త చొక్కా. కాల్చాడు." అని ఏడ్చింది. నవ్వింది కూడా, రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలీలేదు. చెనాయి మెడ పట్టుకునే ఏడ్చింది. చెనాయి మాత్రం వేషం వదల్లేదు. పీట మీద నిటారుగా కూర్చుని ముక్కు ఎగపీలుస్తూ ఉంది. కెరెసియా వదిన సగం తొడిగిన కోటు మెల్లగా విప్పి మడత పెట్టేసింది.

చాలాసేపయ్యాక చెనాయి లేచింది. "పశువులు వరసలో నిలబడున్నాయి. నేను వెళ్ళాలి" అంది.

పెద్దమ్మ కాలరు వదిలేసింది. మడతపడిన చోట చేత్తో సర్దింది. బొత్తాం ఒకటి తప్పుగా పెట్టుంటే విప్పి సరిగ్గా పెట్టింది.

"మంచిగా వెళ్ళు, షుంబా."

"మంచిగా ఉండు" అంది చెనాయి.

ఒంటి బూటుతో టక్కు టక్కుమంటూ బయటికి నడిచింది. ఎవరూ పిలవలేదు. గాదె వెనక్కి వెళ్ళి కూర్చుని ఏడుస్తుంటే నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. లోపలినించి పెద్దమ్మ గొంతు వినిపించింది. మొహం కడుక్కోవడానికి నీళ్ళు తెమ్మంటోంది, తర్వాత మహేవు ఉందా అని అడిగింది. పదిన్నరకి తనంతట తనే పెద్దింట్లోకి నడిచి వెళ్ళింది. అక్కడ ఆయనతో ఏం చెప్పిందో నాకు తెలీదు, గుమ్మం బయటే ఆగాను. ఎక్కువసేపు పట్టలేదు. పదకొండింటికి పూడ్చాం. మట్టి వేసేటప్పుడు ముచబైవా ముసలాయనా, పక్క పొలం ఆవిడా ఒకే పార అందుకున్నారు.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ చెనాయిని అడగబోయాను. ఇస్త్రీ నిజం, కార్డు నిజం, ఆ మచ్చ మనందరం చూశాం. కానీ "విన్నాను కూడా" అని పెదనాన్న నిజంగా అన్నాడా? ఆయన అలాంటి మాట అనే మనిషేనా? నోటిదాకా వచ్చింది. చెనాయి నా మొహం చూసి కనిపెట్టింది.

"ఆడపడుచుగారూ" అంది సాగదీసి, "బట్టలు విప్పేశాను."

నోరు మూసుకుని గిన్నె కడిగాను.

చొక్కాని మిగతా బట్టలతో కలిపి మూట కట్టారు. మాలో పోయినాయన బట్టలు ఏడాది తర్వాతే చుట్టాలకి పంచుతారు, అందాకా చిన్నతాత ఇంట్లో ఉంటుంది. అది మాత్రం ఉతకొద్దని పెద్దమ్మ చెప్పింది. క్లినిక్ కార్డు మూటలో పెట్టలేదు. చెనాయిని కేక వేసి, జాగ్రత్తగా దాచు అని చేతికిచ్చింది. ముసలమ్మలందరూ చూస్తుండగానే ఇచ్చింది.

రెండు వారాలు ఉండిపోయాను. రెండో గురువారం మేం ముగ్గురం, పెద్దమ్మా చెనాయీ నేనూ, మా పశువుల్ని డిప్పుకి తోలుకెళ్ళాం. పశువుల శాఖ వాళ్ళు కొత్త కుర్రాణ్ణి పంపారు. శుభ్రమైన కోటు, మెరిసే విజిలు. పాపం ఎవరి పశువు ఏదో తెలీక కాగితం చూసుకుంటూ పేర్లు పిలుస్తున్నాడు. కంచె జరిపిందెవరు అని మెల్లగా చదివి, ఎందుకు నవ్వుతున్నారో తెలీక చుట్టూ చూశాడు. జనం పెదనాన్న కోసం నవ్వారు, వాడు తనని చూసే అనుకుని చెవులు ఎర్రగా చేసుకున్నాడు.

మా వంతు వచ్చింది. వాడు కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నే చెప్పాగా!" అని అరిచాడు.

వరసలో అందరూ ఒక్కసారి పెద్దమ్మ వైపు తిరిగారు. పెద్దమ్మ కంచె పక్కన నిలబడుంది.

"చెప్పావు" అంది. కాస్త సాగదీసి, చివర కిందికి దించి.

ముందు చెనాయి నవ్వింది. తర్వాత అందరం. పెద్దమ్మ పెయ్య వెనక చరిచి, నీళ్ళు చల్లగా ఉంటాయి దూకు అంది. అది దూకింది.